గంట మంట, రోజంతా వెచ్చన

స్టాక్‌హోమ్‌లో వందేళ్లు దాటిన భవనంలో ఫ్లాట్ అద్దెకు తీసుకున్న తెలుగువాళ్లకు గది మూలన ఒక వింత వస్తువు ఎదురవుతుంది. నేల నుంచి దాదాపు పైకప్పు దాకా లేచిన లావుపాటి స్తంభం. ఒళ్లంతా తెల్లటి పింగాణీ పలకలు, కొన్నింటి మీద పూలు, లతలు. ముందువైపు రెండు చిన్న ఇత్తడి తలుపులు. తెరిస్తే లోపల మసిపట్టిన అర, అడుగున కాస్త బూడిద. చూడటానికి అలంకారంలా ఉన్నా అది గదిని వెచ్చబెట్టే కట్టెల పొయ్యి. స్వీడన్‌లో దాన్ని కాకెలుంగ్న్ అంటారు, జర్మనీ, ఆస్ట్రియాల్లో కాఖెలోఫెన్ అంటారు. మనం పింగాణీ పొయ్యి అనుకుందాం.

చూసినవాళ్లకు వెంటనే ఒక సందేహం రావాలి. మనిషి కంటే ఎత్తైన ఈ పొయ్యిలో మంట పెట్టే చోటు ఇంత ఇరుకుగా ఉందేమిటి? మిగతాదంతా ఏమిటి? మిగతాదంతా ఇటుక, బంకమట్టి, వాటి నడుమ పొగ నడిచే దారి. పొయ్యి చేసే అసలు పని ఆ దారిలోనే జరుగుతుంది.

సినిమాల్లో కనిపించే యూరప్ ఇళ్లలో గోడలో కట్టిన తెరిచిన పొయ్యి ఉంటుంది. దాని ముందు కుర్చీ, ఒళ్లో పుస్తకం. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఇల్లు వెచ్చబెట్టే సాధనంగా అది దాదాపు దండగ. కట్టెల్లోని శక్తిలో సుమారు పదో వంతే గదికి దక్కుతుంది. మిగిలింది నేరుగా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. అంతటితో ఆగదు. పైకి దూసుకుపోయే వేడిగాలి గదిలోని గాలిని కూడా లాక్కుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి కిటికీ సందుల్లోంచి, తలుపు కిందినుంచి మంచుగాలి లోపలికొస్తుంది. ముఖం కాలుతుంటే వీపు వణుకుతుంది.

18వ శతాబ్దపు స్వీడన్‌లో ఈ దండగ ప్రభుత్వాన్ని కంగారు పెట్టే స్థాయికి చేరింది. ఆ దేశపు సంపద ఇనుము. ఇనుము కరగాలంటే బొగ్గు కావాలి. అప్పట్లో అక్కడ బొగ్గంటే కట్టెలు కాల్చి చేసిన బొగ్గే. కొలుములూ పొయ్యిలూ కలిసి అడవుల్ని తినేస్తుంటే, ఇళ్లలో తగలేసే ప్రతి కట్టె ఎగుమతి కావలసిన ఇనుముకు ఎసరు పెట్టేదిగా పాలకులకు కనిపించింది. 1767లో కార్ల్ యోహాన్ క్రూన్‌స్టెడ్ అనే వాస్తుశిల్పికి, ఫాబియన్ వ్రేడే అనే సైన్యాధికారికి పని అప్పగించారు: తక్కువ కట్టెలతో ఎక్కువ వేడినిచ్చే పొయ్యి చెయ్యాలి. దీనికి నాలుగేళ్ల ముందు ప్రష్యాలో రెండో ఫ్రెడరిక్ కూడా కట్టెలు ఆదా చేసే పొయ్యికి బహుమతి ప్రకటించాడు. రాజులకు పొయ్యిల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టలేదు, అడవులు అయిపోతున్నాయి.

పింగాణీ పొయ్యి అప్పటికి కొత్తదేమీ కాదు. ఆల్ప్స్ పర్వతాల చుట్టుపక్కల మధ్యయుగంలోనే మట్టిపొయ్యి గోడల్లో కుమ్మరి చేసిన గిన్నెల్ని, నోరు గదివైపు ఉండేలా పొదిగేవారు. చదునైన గోడ కంటే గుంతలు గుంతలుగా ఉన్న గోడకు ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడి బాగా బయటికొస్తుంది. ఆ గిన్నెలే క్రమంగా పలకలయ్యాయి. సీసం కలిపిన ఆకుపచ్చ గాజుపూత వచ్చింది, ఆ తర్వాత బొమ్మలు, కవచధారులు, రాజముద్రలు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ కోటలో 1501 నాటి పొయ్యి ఇప్పటికీ ఉంది. పోలండ్‌లోని గ్దాన్స్క్ వర్తకుల సభామందిరంలో 1540లలో కట్టిన పొయ్యి ఎత్తు పది మీటర్ల పైచిలుకు. మూడంతస్తులంత ఎత్తున అయిదు వందలకు పైగా పలకలు, వాటి మీద ఆనాటి యూరప్ పాలకుల ముఖాలు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ఆ పొయ్యిని మిగిలిన పలకలతో 1995లో మళ్లీ నిలబెట్టారు. వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనంలో పొయ్యిలకు గదివైపు తలుపే లేదు. నౌకర్లు గోడ వెనక సందులోంచి కట్టెలు వేసేవారు. దొరలకు వెచ్చదనమే తప్ప బూడిద కనపడకూడదు.

వీటిలో చాలావాటికి లోపల పొగకు సరైన దారి లేదు. క్రూన్‌స్టెడ్, వ్రేడే మార్చింది దాన్నే. వాళ్ల పొయ్యిలో మంట నుంచి వచ్చే వేడి వాయువులు నడిమి గొట్టంలో పైకెక్కుతాయి. పైకప్పు దగ్గర వాటికి దారి మూసి ఉంటుంది. రెండు పాయలుగా చీలి, పక్కనున్న గొట్టాల్లో కిందికి దిగుతాయి. అడుగున మలుపు తిరిగి, వెనక గొట్టాల్లో మళ్లీ పైకెక్కి, అప్పుడు ఇంటి పొగగొట్టంలో కలుస్తాయి. మొత్తం అయిదు గొట్టాలు. ఈ ప్రయాణంలో వాయువులు తమ వేడిని చుట్టూ ఉన్న ఇటుకకు వదిలేసి, బయటికి పోయే సమయానికి చాలావరకు చల్లబడతాయి.

చైనాలో పొగ మీద పడుకునే ఇటుక మంచం, కొరియాలో నేల కింద పొగ నడిపించే ఒందోల్ ఇంతకు చాలా ముందే ఉన్నాయి. ఉపాయం ఒకటే. స్వీడన్‌వాళ్లు దాన్ని నిలువుగా నిలబెట్టి, గది మూలలో పట్టేలా చేసి, కొలతలతో సహా ప్రచారం చేశారు.

ఇప్పుడు మంట సంగతి. కట్టె మండుతుందని అంటాం గానీ, మనకు కనపడే మంటలో మండేది కట్టె కాదు, కట్టెలోంచి వెలువడే వాయువులు. ముందు తడి ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత 200 డిగ్రీలు దాటాక కట్టె విచ్ఛిన్నమై వాయువులు విడుదలవుతాయి. ఎండిన కట్టె బరువులో దాదాపు 80 శాతం ఇలా వాయురూపంలోనే పోతుంది, మిగిలిన బొగ్గు చివర్న నిప్పుగా కాలుతుంది. ఆ వాయువులు పూర్తిగా మండాలంటే 600 డిగ్రీలకు పైబడిన వేడి, సరిపడా గాలి, కాస్త సమయం కావాలి. మూడింటిలో ఏది తగ్గినా అవి మండకుండానే తప్పించుకుంటాయి. దాన్నే మనం పొగ అంటాం. పొగంటే డబ్బు పోసి కొని, మండించకుండా వదిలేసిన ఇంధనం.

ఇనుప పొయ్యిలో పెద్ద చిక్కు ఇక్కడే వస్తుంది. ఇనుము వెంటనే వేడెక్కుతుంది, వెంటనే చల్లారుతుంది. రాత్రంతా గది వెచ్చగా ఉండాలంటే రాత్రంతా మంట ఉండాలి. మంట పెద్దదైతే గదిలో కూర్చోలేం. అందుకని గాలి తగ్గించి కట్టెల్ని రగులుతూ ఉంచుతారు. గాలి తగ్గితే మంట చల్లబడుతుంది, వాయువులు సగం సగం కాలి, పొగగొట్టంలో తారులా పేరుకుంటాయి. ఆ తారు ఏదో ఒకరోజు అంటుకుంటే ఇల్లే ప్రమాదంలో పడుతుంది.

పింగాణీ పొయ్యిలో మంటను అదిమిపెట్టే అవసరమే లేదు. రోజుకు ఒకసారి, చలి మరీ ఎక్కువైతే రెండుసార్లు, సన్నగా చీల్చిన ఎండుకట్టెలు పేర్చి, గాలి బాగా వదిలి, గంట గంటన్నరలో భగభగా మండించేస్తారు. వాయువులన్నీ ఆ వేడికి కాలిపోతాయి. పుట్టిన వేడి మాత్రం గది మీద ఒక్కసారిగా పడదు, ఇటుకలో దిగుతుంది. మంట ఆరాక పొగదారి మూసేస్తే, ఆ ఇటుక తీరుబడిగా గదికి వేడి వదులుతుంది.

లెక్క వేసి చూద్దాం. పది కిలోల ఎండుకట్టెల్లో సుమారు 40 యూనిట్ల శక్తి ఉంటుంది, మన కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే. మంచి పొయ్యి అందులో 80 శాతం దాకా పట్టి ఉంచుతుంది. రెండు టన్నుల బరువున్న ఇటుక, మట్టి సగటున 60 డిగ్రీలు వేడెక్కితే వాటిలో నిలవుండే శక్తి దాదాపు 30 యూనిట్లు. దాన్ని 20 గంటల మీద పంచితే ఒకటిన్నర కిలోవాట్ల హీటర్ అంతసేపూ ఆడినట్టు. పది కిలోల కట్టెలకు ఈ ఫలితం తక్కువేం కాదు.

ఇటుక వేడిని ఇలా దాచి తర్వాత వదలడం మనకు తెలియని సంగతి కాదు, కాకపోతే మనకు అది శత్రువు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో డాబా ఇంట్లో పడుకున్నవాళ్లకు రాత్రి పదకొండింటికి శ్లాబు ఎలా సెగలు కక్కుతుందో చెప్పక్కర్లేదు. పగలంతా మింగిన ఎండను అప్పుడు వదులుతుంది. ఫ్యాను తిప్పినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ వేడి గాలి ద్వారా కాక కిరణాలుగా నేరుగా ఒంటికి తగులుతుంది. సరిగ్గా ఈ కిరణాల వేడే పింగాణీ పొయ్యి బలం. దాని ఉపరితలం 60 నుంచి 80 డిగ్రీలు ఉంటుంది. చెయ్యి ఆనించి తీయొచ్చు, ఎర్రగా కాలిన ఇనుములా చర్మాన్ని పట్టుకోదు. గాలి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తక్కువున్నా ఒంటికి వెచ్చగానే ఉంటుంది.

పుట్టిన వేడినంతా ఎందుకు పిండుకోకూడదు, వందకు వంద శాతం ఎందుకు కాదు? పొగకు పైకి ఎక్కే శక్తి ఇచ్చేది దాని వేడే. పూర్తిగా చల్లబడితే పొగ కదలదు, గదిలోకే తిరిగొస్తుంది. పైగా కట్టెలోంచి వచ్చిన నీటి ఆవిరి గొట్టంలో నీరై కారి ఇటుకను పాడుచేస్తుంది. కాబట్టి చివర్లో కొంత వేడిని పోనివ్వక తప్పదు. ఎంత పోనివ్వాలో తెలిసినవాడే మేస్త్రీ.

ఆ మేస్త్రీల పని గురించి కాస్త చెప్పాలి. పలక ముందువైపు నున్నగా ఉన్నా వెనకవైపు చుట్టూ అంచు కట్టి పెట్టెలా ఉంటుంది. మట్టిని అచ్చులో ఒత్తి, నెమ్మదిగా ఆరబెట్టి, ఒకసారి కాల్చి, గాజుపూత పూసి, మళ్లీ కాలుస్తారు. కాలినప్పుడు ఏ రెండు పలకలూ ఒకే కొలతకు రావు. అందుకే పొయ్యి కట్టేవాడు ఒక్కో పలక అంచును ఉలితో చెక్కి, రాతితో అరగదీసి, పక్కదానికి అతికేలా చేసుకుంటాడు. వెనక అంచులో మట్టి, ఇటుక ముక్కలు కూరి, ఇనుప తీగలతో ఒకదానికొకటి బిగిస్తాడు. అతకడానికి సిమెంటు వాడడు, బంకమట్టే వాడతాడు. రోజూ వేడెక్కి సాగి, చల్లారి ముడుచుకునే కట్టడానికి కాస్త కదిలే గుణం ఉండాలి. సిమెంటైతే పగుళ్లిస్తుంది. బంకమట్టితో ఇంకో లాభముంది: పొయ్యిని విప్పుకోవచ్చు. పలకలకు వరుసగా నంబర్లు వేసి, ఊడదీసి, మరో ఊళ్లో, మరో ఇంట్లో అదే వరుసలో తిరిగి కట్టుకోవచ్చు. స్వీడన్‌లో పాత పొయ్యిల వ్యాపారం నడిచేది ఈ గుణం వల్లనే.

1767 తర్వాత స్వీడన్ ఇళ్ల నడవడికే మారింది. రోర్‌స్ట్రాండ్, మరియెబెర్గ్ పింగాణీ కర్మాగారాలు ముందు దొరల ఇళ్లకు రంగురంగుల పలకలు చేశాయి. 19వ శతాబ్దంలో తెల్లటి గుండ్రటి పొయ్యి మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ ఒక్క గదిలో మంట చుట్టూ మూగే పద్ధతి పోయి, మిగతా గదులు కూడా వాడకంలోకి వచ్చాయి. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో మంట నిర్ణయించడం మానేసింది. చదువుకోవడానికి విడిగా గది అనేది ఉత్తరాది శీతాకాలంలో కుదిరిందంటే అందులో ఈ పొయ్యి చెయ్యి ఉంది. 1890లలో జర్మనీలో కాపురమున్న అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఈ పొయ్యిని మెచ్చుకుంటూ, దీన్ని చూసి కూడా తెచ్చుకోని తన దేశస్థుల్ని ఎద్దేవా చేశాడు.

బెర్లిన్ పక్కన వెల్టెన్ అనే చిన్న ఊరు మంచి బంకమట్టి పుణ్యాన పొయ్యిల ఊరైపోయింది. 1900 ప్రాంతంలో అక్కడ ముప్పైకి పైగా కర్మాగారాలు ఉండేవి. పెరుగుతున్న బెర్లిన్‌లోని కార్మికుల అద్దె ఇళ్లకు చాలా పొయ్యిలు అక్కణ్నుంచే. ఆ తర్వాత వేడినీటి రేడియేటర్లు వచ్చాయి, చమురు చవకైంది. కట్టెలు మోయడం, బూడిద ఎత్తడం ఎవరికి ఇష్టం? రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో పశ్చిమ యూరప్‌లో వేలాది పొయ్యిల్ని పగలగొట్టి చెత్తలో పోశారు. తూర్పు బెర్లిన్‌లో మాత్రం 1990ల దాకా ఇవి వాడుకలోనే ఉన్నాయి, కట్టెలకు బదులు గోధుమరంగు బొగ్గు ఇటుకలతో. శీతాకాలంలో ఆ వీధుల్లో కమ్ముకునే గంధకపు వాసన ఆ తరానికి ఇంకా గుర్తే. పొయ్యి ఎంత తెలివైనదైనా అందులో ఏం వేస్తామన్నది వేరే సంగతి.

1973 చమురు సంక్షోభం కథను తిప్పింది. చమురు ధర ఒక్కసారిగా పెరిగేసరికి జనం మూలనున్న స్తంభం వైపు మళ్లీ చూశారు. కానీ కట్టడం తెలిసినవాళ్లు అప్పటికి ముసలివాళ్లైపోయారు, చాలాచోట్ల శిష్యులు లేరు. ఆస్ట్రియా ఇక్కడ మంచి పని చేసింది. పొయ్యి మేస్త్రీల సంఘం ప్రయోగశాలలో కొలతలు తీయించి, చేతి అలవాటుగా వచ్చిన విద్యను సూత్రాలుగా రాసింది. 2009లో అవి ఈఎన్ 15544 అనే యూరప్ ప్రమాణమయ్యాయి. ఒక్కసారికి వేసే కట్టెల బరువు చెబితే చాలు, మిగతా కొలతలన్నీ దాన్నుంచి వస్తాయి. కిలో కట్టెకు మంటగది లోపలి ఉపరితలం 900 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. పొగదారి కనీస పొడవు కట్టెల బరువు వర్గమూలానికి 1.3 రెట్లు, మీటర్లలో. పది కిలోల పొయ్యికి నాలుగు మీటర్ల పైమాట. తాతలు కంటిచూపుతో కట్టింది ఇప్పుడు కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చు. పునరుద్ధరణ అంటే నాకు ఇదే ముఖ్యంగా కనిపిస్తుంది, పాత పలకల మీద మోజు కంటే.

మోజు కూడా తక్కువేం లేదు. ఇవాళ పింగాణీ పొయ్యి పేరుతో అమ్ముడుపోయేవాటిలో చాలావరకు లోపల ఇనుపపెట్టె, పైన పలకల తొడుగు. పొగ తిరిగే దారి లేదు, వేడి దాచే బరువు లేదు. ఫొటోలో తేడా తెలియదు, తెల్లవారుజామున గదిలో తెలుస్తుంది.

2022లో రష్యా గ్యాస్ సరఫరా తగ్గి జర్మనీలో కట్టెలకూ పొయ్యిలకూ గిరాకీ ఎగబాకినప్పుడు, పాత వాదన ఒకటి కొత్తగా మొదలైంది. యూరప్ గాలిలోని అతి సన్నని ధూళికణాల్లో సగానికి పైగా ఇళ్లు, భవనాలు వెచ్చబెట్టుకునే ఇంధనాల నుంచే వస్తోంది, అందులో కట్టెల వాటా పెద్దది. జర్మనీ 2010లో నిబంధనలు బిగించి, పరిమితులు దాటే పాత పొయ్యిలకు గడువులు పెట్టింది. చివరి విడత గడువు 2024 ఆఖరుతో ముగిసింది. 1950కి ముందు కట్టిన చారిత్రక పొయ్యిలకు, అక్కడికక్కడే ఇటుకతో కట్టినవాటికి మినహాయింపులు దక్కాయి. ఎండుకట్టెలు, గట్టి మంట ఉంటే ఇటుక పొయ్యి ఇనుపదాని కంటే తక్కువ మసి వదులుతుందన్నది నిజమే. అయినా ఒక నగరంలో లక్ష ఇళ్లు కట్టెలు కాలిస్తే ఏ పొయ్యీ కాపాడలేదు. ఊరి చివర, అడవి పక్కన, చక్కగా కోసి రెండు వేసవులు ఎండబెట్టిన కట్టె దొరికేచోట దీని లెక్క సరిపోతుంది.

ప్రమాదం ఇంకొకటి ఉంది. నిప్పులు పూర్తిగా ఆరకముందే వేడి పోతుందన్న ఆత్రంతో పొగదారి మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. పాత రోజుల్లో ఇది ఎన్నో ప్రాణాలు తీసింది. అందుకే స్వీడన్‌లో ఏళ్లుగా వాడని పొయ్యిని వెలిగించేముందు పొగగొట్టంలో పగుళ్లు లేవని పరీక్ష చేయించుకోవాలి. స్టాక్‌హోమ్ ఫ్లాట్లలో చాలా పొయ్యిలు ఆ పరీక్ష దాటక ఉత్త అలంకారంగానే మిగిలాయి.

ఇదే శాస్త్రం మన వంటింట్లో తలకిందులవుతుంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ అధిపతిగా పనిచేసిన ఎస్.పి. రాజు 1953లో కోట్లాది వంటిళ్లకు పొగ బాధ తప్పించే మట్టిపొయ్యి మీద ఇంగ్లిష్‌లో పుస్తకమే ప్రచురించారు. పొగగొట్టం, గాలిని అదుపు చేసే మూత, ఒకే మంట మీద వరుసగా గిన్నెలు: దేశంలో మెరుగుపరచిన పొయ్యిల ప్రయత్నాల్లో అది తొలితరం. కానీ వంటకు కావలసింది గిన్నెకు వెంటనే తగిలే వేడి. మందమైన మట్టిగోడ ఆ వేడిలో పెద్ద భాగాన్ని ముందు తానే మింగుతుంది, ఎసరు మరిగేసరికి ఆలస్యమవుతుంది. తర్వాతి తరాల వంటపొయ్యిల్లో బరువు తగ్గించి, తేలికపాటి వేడి నిరోధక పదార్థాలు వాడింది అందుకే. స్వీడన్‌లో గుణమైనదే తెలంగాణ వంటింట్లో దోషం.

ఇటుకలో వేడి దాచే ఉపాయానికి ఇళ్ల కంటే పెద్ద కొలువు మరొకటి దొరికింది. 1857లో ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ కూపర్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు ఇనుప కొలిమికి ఊదే గాలిని ముందుగా వేడిచేసే స్టవ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. కొలిమి నుంచి వచ్చే వ్యర్థ వాయువును మండించి, జల్లెడలా సందులున్న ఇటుకల గుట్ట మీదుగా పంపుతారు. గుట్ట కాగాక మంట ఆపి, అదే దారిలో చల్లగాలిని ఎదురు పంపితే అది వెయ్యి డిగ్రీలకు పైగా వేడెక్కి కొలిమిలోకి వెళుతుంది. ఒక స్టవ్ వేడి వదులుతుంటే పక్కది కాగుతూ ఉంటుంది. దీనివల్ల కొలిమికి కావలసిన ఇంధనం బాగా తగ్గింది. ఇనుము కోసం అడవులు కరిగిపోతున్నాయనే కదా స్వీడన్ తన ఇళ్ల పొయ్యిలు మార్చింది. తొంభై ఏళ్లకు ఇనుము పరిశ్రమే ఇటుకలో వేడి దాచడం నేర్చుకుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పక్కన గుమ్మటపు తలలతో నిలబడిన ఎత్తైన స్తంభాలు ఈ స్టవ్‌లే.